గీతకు వేలెడు బయట

గుండ్రటి రాయి ఎప్పుడు పూర్తవుతుంది?

ఈ ప్రశ్న నాది కాదు, బాలస్వామిది. రెండేళ్ళ కిందట ఆళ్ళగడ్డ గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని, బత్తాయంత నల్లరాయిని చేతిలో తిప్పుతూ అడిగాడు.

"ఇగ్రహమైతే కండ్లు తెరిస్తే అయిపోయినట్టు. దీనికి కండ్లు ల్యావు, ముక్కు లేదు. ముందేదో ఎనకేదో తెల్దు. యాడ ఆపాల సార్?"

రిటైరైనప్పటి నుంచి నా పగళ్ళన్నీ ఆ గ్రంథాలయంలోనే గడుస్తున్నాయి. అతని ప్రశ్నకు అక్కడి ఏ బీరువాలోనూ జవాబు దొరకలేదు. మొన్న నంద్యాలలో పనిబడి వెళ్ళి, పాణ్యం దారిలో ఉన్న అతని రేకుల కొట్టం ముందు ఆగాను. బయట రోళ్ళు, రుబ్బుడుగుండ్లు, గేటు స్తంభాల మీద పెట్టుకునే రాతిబంతులు వరసగా ఉన్నాయి. బోర్డు లేదు. జవాబు దొరికిందా అని అడిగాను.

"నువ్వు సదువుతాండావు, నేను అరగదీస్తాండా. ఎవరికి ముందు దొరికితే వాళ్ళు చెప్పాల" అన్నాడు.

మా ఇద్దరికీ ఇంకా దొరకలేదు. దొరికేలోపు, అతను నంద్యాల ఎలా చేరాడో రాసి పెడదామనిపించింది.

బాలస్వామిది కొలిమిగుండ్ల పక్కన ఒక పల్లె. వాళ్ళ నాయన నాపరాతి గనిలో బండలు లేపేవాడు. పదహారో ఏట బాలస్వామి ఆళ్ళగడ్డ వచ్చి ఒక శిల్పుల కొట్టంలో చేరాడు. కొట్టం అప్పట్లో పెద్దాచారిది, తర్వాత అతని కొడుకు వెంకటేశ్వర్లు ఆచారిది. ఆ కొట్టంలో పనికి ఒక పద్ధతుంది. ఆచారి ఎర్రమన్ను నీళ్ళతో రాతి మీద గీత గీస్తాడు. బాలస్వామి సుత్తీ ఉలీ పట్టుకుని, ఆ గీతకు వేలెడు దూరం వరకు రాయినంతా కొట్టిపారేస్తాడు. అక్కడ ఆగుతాడు. ఆ మిగిలిన వేలెడు మందం ఆచారిది. ముఖం, వేళ్ళు, నగలు, మడతలు, కళ్ళు, అన్నీ ఆ వేలెడులోనే ఉంటాయి.

నిలువెత్తు బండలో ముప్పావు వంతు బాలస్వామి సుత్తికే రాలేది. ఏ రాయి ఎటు పగులుతుందో దాన్ని తట్టి చెప్పేవాడు. వేలెడు దగ్గర ఆగడంలో అతన్ని మించినవాడు ఊళ్ళో లేడని వెంకటేశ్వర్లు ఆచారే అనేవాడు. అయితే ముప్ఫై ఎనిమిదేళ్ళలో, తన చేతిలో మొదలై తన చేతిలోనే ముగిసిన రాయి ఒక్కటి కూడా అతనికి లేదు. ఈ మాట అతనెప్పుడూ ఫిర్యాదుగా అనలేదు. ఒకసారి మాత్రం, లారీకి ఎక్కిస్తున్న అమ్మవారి విగ్రహాన్ని చూస్తూ, "ఈమె నాకు ఈపు దాకానే తెలుసు సార్" అన్నాడు.

గీత దాటిన రోజు ఒకటుంది. అప్పుడతనికి ఇరవై మూడేళ్ళు. ఒక పల్లె గుడికి అమ్మవారిని చేస్తున్నారు. అభయహస్తం దగ్గర ఉలి కాస్త లోపలికి పోయింది. చూపుడు వేలు వచ్చే చోటు రాలిపోయింది. పెద్దాచారి తిట్టలేదు. ఇంకా ముఖం తీయని ఆ రాయిని నలుగురి చేత బోర్లా తిప్పించి, కొట్టం వాకిట్లో మెట్టుగా వేయించాడు. కళ్ళు తెరవని రాయి రాయే కాబట్టి అందరూ దాన్ని తొక్కుతూనే లోపలికి పోయేవాళ్ళు. బాలస్వామి మాత్రం దాటిపోయేవాడు. ముప్ఫై ఏళ్ళుగా, చేతిలో ఎంత బరువున్నా, కాలు ఎత్తి దాటిపోయేవాడు.

జెస్సీ టీచర్ ఆ మెట్టు ఎక్కి లోపలికి వచ్చిన రోజు కొట్టంలో బాలస్వామి ఒక్కడే ఉన్నాడు. ఆచారి వెలుగోడు వైపు ఏదో ప్రతిష్ఠకు వెళ్ళాడు. జెస్సీది నంద్యాల. ఆళ్ళగడ్డలో ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి చెబుతుంది. రోజూ బస్సులో వచ్చిపోతుంది. సౌరకుటుంబం పాఠం ఆమెకు పుస్తకంలో బొమ్మ చూపించి చెప్పడం ఇష్టంలేదు. ఆ బొమ్మలో భూమి గురుడి పక్కన, గురుడు సూర్యుడి పక్కన, పెళ్ళి ఫొటోలో చుట్టాల్లాగా ఆనుకుని నిలబడి ఉంటాయి. పిల్లలు గ్రహాలను చేత్తో పట్టుకోవాలి, వాటి మధ్య దూరాన్ని కాళ్ళతో నడవాలి. గ్రంథాలయానికి వచ్చి నా దగ్గర కూర్చుని కొలతలు వేయించుకుంది. భూమి రెండు సెంటీమీటర్లు, ఉసిరికాయంత. గురుడు ఇరవై రెండు, గుమ్మడికాయంత. సూర్యుడు రెండు మీటర్ల పైచిలుకు. అంత రాయి ఎవరూ చేయలేరు కాబట్టి బడి గోడ మీద పసుపురంగు సున్నా. చివరి గ్రహం నెప్ట్యూన్ బడి నుంచి ఏడు కిలోమీటర్లు, నంద్యాల రోడ్డులో.

"కొట్టంలో పారేసిన ముక్కలు చాలన్నా. ఎనిమిది గుండ్లు కావాలి" అంది బాలస్వామితో.

"ఎనిమిదేంది? నవగ్రహాలు గదా. మేం తొమ్మిది సేస్తాం."

"ఇవి వేరే అన్నా. సూర్యుడు నక్షత్రం, గ్రహం కాదు. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడు, లెక్కలోకి రాడు. రాహుకేతువులు లేరు."

"లేకపోతే ఎట్లమ్మా. శానా తక్కువొస్తాయి."

"భూమి ఉంది. ఇంకా యురేనస్, నెప్ట్యూన్ ఉన్నాయి."

బాలస్వామి ఆ రెండు పేర్లనూ ఒకసారి నోట్లో తిప్పి చూసుకున్నాడు. ఏ గుళ్ళోనూ వినలేదు. "సరే. మరి మొకాలు ఆచారి వచ్చినాక తీస్తాడు."

"ముఖాలు ఉండవన్నా. గుండ్రంగా ఉంటే చాలు."

"మొకాలే ల్యావా?"

"లేవు."

బాలస్వామి కొలతల కాగితం తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జీవితంలో అతను ఎవర్నీ అడగకుండా ఒప్పుకున్న మొదటి పని అది. ముఖం లేని రాయైతే, మొదలు నుంచి చివర దాకా తనదే కావచ్చు. అట్లాంటిది ఒక్కటైనా తన చేతి నుంచి పోవాలని ఎన్నేళ్ళుగానో ఉందని నాతో తర్వాత ఎప్పుడో అన్నాడు.

మూడు వారాల తర్వాత గోనెసంచిని సైకిలుకు కట్టుకుని బడికి తెచ్చాడు. కొలతలు వేసిన మనిషిని కదా అని జెస్సీ నన్నూ పిలిచింది. పిల్లలు అంతకుముందే అట్టముక్కలకు బొక్కలు కోసి సిద్ధంగా ఉన్నారు. ఒక్కో గ్రహానికి ఒక అట్ట. దాని కొలతకు సరిగ్గా ఒక గుండ్రటి బొక్క. గ్రహం ఆ బొక్కలోంచి ఎటు తిప్పినా బిగువుగా దూరిపోతే గెలిచినట్టు. సూర్యుడి గోడ ముందు వరసగా కూర్చుని, సంచిలోంచి ఒక్కో రాయి రాగానే చప్పట్లు కొట్టారు.

ఒక్కటీ దూరలేదు.

సానియా అని ఎనిమిదేళ్ళ పిల్ల, ఆటో నడిపే సలీం కూతురు, భూమి అట్టను పట్టుకుని ఉంది. రాయిని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "తాతా, నీ భూమి లావైంది" అంది.

"సంగటి బాగా తినింటుంది" అన్నాడు నిఖిల్, గురుడి అట్ట వెనక నుంచి. తరగతంతా నవ్వింది.

గురుడి అడ్డంకొలతకు పదకొండు భూములు పట్టాలి. జెస్సీ భూమి రాయిని గురుడి పక్కన దొర్లిస్తూ పిల్లల చేత లెక్క పెట్టించింది. ఐదు దగ్గరే గురుడు అయిపోయాడు. లావు గ్రహాలకు పెద్ద తేడా తెలియలేదు గానీ చిన్నవన్నీ ఉబ్బిపోయాయి. బుధుడు నిమ్మకాయంత ఉన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. అతను కాగితంలో ఉన్న కొలతకే గీత గీసుకున్నాడు. అన్నిటికీ ఆ గీతకు వేలెడు బయట ఆగాడు. ఎవరూ ఆపమనలేదు. చెయ్యే ఆగింది.

"వేలెడు ఇడిసినా" అన్నాడు బాలస్వామి, నేల చూస్తూ. "అది ఆచారి తీస్తాడు."

"ఆచారి ఎందుకన్నా? మేము అడిగింది నిన్ను కదా" అంది జెస్సీ.

"నీకు తీయడం రాదా తాతా?" అని సానియా అడిగింది. ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

బాలస్వామి రాళ్ళన్నీ సంచిలో వేసుకున్నాడు. సైకిలు తోసుకుంటూ నేరుగా గ్రంథాలయానికి వచ్చాడు. మెట్ల మీద కూర్చుని, మొదట్లో చెప్పిన ప్రశ్న నన్ను అడిగింది ఆ సాయంత్రమే. అడిగి, అమ్మవారి చూపుడు వేలు సంగతి కూడా చెప్పాడు. ఆ మెట్టును నేనూ ఎన్నోసార్లు తొక్కాను. అది మెట్టు కాదని అప్పటిదాకా తెలియదు.

మరుసటి రోజు సంచిని కొట్టంలో చూసి వెంకటేశ్వర్లు ఆచారి నవ్వాడు.

"ఏందిరా బాలసామీ, నేను లేనప్పుడు నవగ్రహాలకు ఒప్పుకున్నావంట. తే, ఆ వేలెడు నేను తీసి పారేస్తా. పొద్దుగూకేలోపల అయిపోతాయి."

ఆచారి చెడ్డవాడు కాదు. సాయం చేద్దామనే అన్నాడు. ఆ కొట్టంలోంచి తన చెయ్యి పడని రాయి బయటికి పోవడం ఎట్లా ఉంటుందో అతనికీ తెలియదు.

"ఉండనీ సామీ" అన్నాడు బాలస్వామి.

"ఉండనీ అంటే?"

"ఆడ బడిలో సేసుకుంటా."

ఆచారి తన చేతిలో పని చూసుకున్నాడట.

శనివారం మధ్యాహ్నాలు బడిలో పుస్తకాల సంచులు ఉండవు, ఆటపాటలే. ఆ పూటల్లో బాలస్వామి బడి వరండాలో కూర్చునేవాడు. వంటగది వెనక పడి ఉన్న పాత రోలును దొర్లించుకొచ్చి, దాని గుంటలో ఇసుకా నీళ్ళూ పోసి, రాయిని వేసి అరచేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. చిన్న రాళ్ళకు చివరిదాకా ఉలి పనికిరాదు, పగులుతాయి. అరగదీయాల్సిందే. చుట్టూ చేరిన పిల్లలకు వంతులు వేశాడు. ఒకరు నీళ్ళు పోస్తే ఒకరు తిప్పాలి, ఇంకొకరు అట్ట పెట్టి చూడాలి.

"ఒకే పక్క తిప్పొద్దు. అన్ని పక్కలా తిప్పల్ల. ఒకే పక్క తిప్పితే కోడిగుడ్డు అవుతాది" అనేవాడు.

"మన భూమి ఒకే పక్క తిరుగుతుంది కదా తాతా, మరి కోడిగుడ్డు ఎందుకు కాలేదు?" అని నిఖిల్ అడిగాడు.

"మీ టీచరమ్మను అడుగు. నాకు రోలు సంగతే తెలుసు."

నడుము దగ్గర కొంచెం లావేనని, కంటికి తెలియనంత అని జెస్సీ చెప్పింది. అందరికంటే ముందు బాలస్వామే తల ఊపాడు. ఇంకో శనివారం ఆమె అరిగిన రాయిని వరండా అంచు మీద ఎండలో పెట్టింది. ఎండ పడ్డ సగం వెలుతురు, పడని సగం నీడ. సుద్దముక్కతో చుక్క పెట్టి ఇది ఆళ్ళగడ్డ అని చెప్పి మెల్లగా తిప్పింది. చుక్క నీడలోకి పోయినప్పుడల్లా పిల్లలు కళ్ళు మూసుకుని గురక పెట్టేవాళ్ళు, వెలుతురులోకి రాగానే కోళ్ళలా కూసేవాళ్ళు.

"అంటే ఎప్పుడూ సగం సీకటేనా?" అన్నాడు బాలస్వామి.

"ఎప్పుడూ సగం వెలుతురే అన్నా" అంది జెస్సీ.

అరుగుదల నెమ్మది. భూమి మీది వేలెడు మందం సగానికి వచ్చింది. తర్వాత గోరంతకు వచ్చింది. అక్కడ అతని చెయ్యి మళ్ళీ ఆగింది. రాయిని రోట్లో పెట్టుకుని, తిప్పకుండా, చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. అట్టలోకి ఇంకా దూరడం లేదు. ఇంకొంచెం తీస్తే గీత. గీత అంటే అతనికి అమ్మవారి చూపుడు వేలే.

సానియా వచ్చి రోలుకు అవతల గొంతుక్కూర్చుంది. "నా వంతు" అంది. బాలస్వామి చెయ్యి తీయలేదు. ఆ పిల్ల తన చిన్న చెయ్యిని అతని చేతి మీద పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. ఇద్దరి చేతుల కిందా రాయి గరగరమంది.

ఆ పూట కబుర్లలో పడి ఎక్కువసేపు తిప్పారు. అట్ట పెట్టి చూస్తే భూమి బిగువుగా దూరలేదు. గలగలమంటూ జారి కింద పడింది. అరిగిపోయింది. గీత లోపలికి వెళ్ళిపోయారు.

బాలస్వామి ముఖం రాతిపొడి రంగుకు తిరిగింది. సానియా కిందపడ్డ రాయిని తీసి, పక్కన ఉన్న అట్టలన్నీ ఒకటొకటిగా పెట్టి చూసింది. ఒకదాంట్లో సరిగ్గా పట్టింది.

"ఇది శుక్రుడు తాతా" అంది. "భూమి ఇంకోటి సేద్దాం."

శుక్రుడు భూమి కన్నా ఒక్క మిల్లీమీటరు తక్కువ. అంతే తేడా. బాలస్వామి ఆ పిల్ల చేతిలోంచి రాయిని తీసుకుని చూశాడు, అట్టను చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. శబ్దం లేకుండా, భుజాలు కదిలేలా, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"పెద్దాచారి ఉంటే సెప్పాల్సింది" అన్నాడు. "గీత దాటితే ఇంకో గ్రహం అవుతాదంట సామీ, అని."

ముందు శుక్రుడి కోసం తెచ్చిన లావు రాయిని భూమిగా మార్చుకున్నారు. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. ఎనిమిదీ అయ్యేసరికి ఫిబ్రవరి వచ్చింది. శని చుట్టూ ఉంగరం అట్టతో చేశారు. రాతితో చేద్దామని బాలస్వామి అన్నాడు గానీ మోసే పిల్లలు మూడో తరగతి వాళ్ళని గుర్తుచేస్తే ఒప్పుకున్నాడు.

సైన్స్ దినోత్సవానికి రెండు రోజుల ముందు వెంకటేశ్వర్లు ఆచారి బడికి వచ్చాడు. రాళ్ళు ఒక బల్ల మీద వరసగా ఉన్నాయి. ముందు గురుడి మీద అరచెయ్యి వేసి నిమిరాడు. తర్వాత భూమిని తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని తిప్పాడు. ఒక చోట బొటనవేలు ఆగింది. అతని రెండో చెయ్యి అలవాటుగా నడుముకున్న, నునుపు చేసే చిన్న ఆకురాయి కోసం వెళ్ళింది.

బాలస్వామి లేచి చెయ్యి చాపాడు. "ఇట్లియ్యి సామీ. అది అయిపోయింది."

వరండాలో అంతసేపూ గోలగా ఉంది గానీ ఆ మాట మాత్రం నాకు స్పష్టంగా వినబడింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ మాట ఆ నోటి నుంచి ఆచారి ఎప్పుడూ వినలేదు. రాయిని ఇంకోసారి తిప్పి చూసి, అతని అరచేతిలో పెట్టాడు.

"బాగుంది" అన్నాడు. చేతులు దులుపుకుని, "ఇంక నా కాడ వేలెడు బయట ఆగవులే నువ్వు" అన్నాడు. కోపంగా అనలేదు. ఉలికి వాడి పోయిందని చెప్పినట్టు మామూలుగా అన్నాడు.

బాలస్వామి భూమిని బల్ల మీద, శుక్రుడికీ అంగారకుడికీ నడుమ పెట్టాడు.

సైన్స్ దినోత్సవం నాడు, ఫిబ్రవరి ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున పిల్లలు గోడ మీది పసుపు సూర్యుడి దగ్గర నుంచి పది మీటర్ల తాడుతో కొలుచుకుంటూ బయల్దేరారు. తొమ్మిది తాళ్ళకు బుధుడు, పదిహేడుకు శుక్రుడు. ఇరవై మూడున్నరకు భూమి. అక్కడ నిలబడ్డ సానియా, వెనక్కి తిరిగి ఒక కన్ను మూసి చూస్తే, గోడ మీది రెండు మీటర్ల సూర్యుడు ఆకాశంలో సూర్యుడంతే కనబడ్డాడు. పిల్లలందరూ ఒక్కొక్కరుగా వచ్చి అక్కడ నిలబడి ఒక కన్ను మూసి చూశారు. నేనూ చూశాను. అంగారకుడు వీధి చివర. గురుడి నుంచి పిల్లలను సలీం తన ఆటోలో విడతలుగా తీసుకెళ్ళాడు.

నెప్ట్యూన్ దగ్గర తానుంటానని బాలస్వామి ముందురోజే చెప్పాడు. "ఏడు కిలోమీటర్లు. ఆడ ఎవురో ఒకరు రాయికి తోడుండాల గదా" అన్నాడు. పొద్దున్నే నంద్యాల వైపు పోయే ఏదో ఆటో ఎక్కి వెళ్ళాడు. భుజాన సంచి ఉంది. రాయి సంచి అనుకున్నాం. నెప్ట్యూన్ అరచేతిలో పట్టేంత రాయి. దానికి అంత సంచి అక్కర్లేదని ఎవరికీ తోచలేదు.

వెంకటేశ్వర్లు ఆచారి తర్వాత నాతో ఒక సంగతి చెప్పాడు. ఆ పొద్దున బాలస్వామి కొట్టానికి వచ్చి, తన సుత్తులూ ఉలులూ సర్దుకుని, పోతూ పోతూ వాకిట్లో మెట్టు రాయి మీద కూర్చున్నాడట. ఒక గ్లాసు టీ తాగేంతసేపు కూర్చుని, చేత్తో దాన్ని ఒకసారి తట్టి లేచాడట.

మేము శనినీ యురేనస్‌నూ దాటి, నంద్యాల రోడ్డులో నెప్ట్యూన్ చోటుగా పెట్టుకున్న బస్ షెల్టర్ దగ్గరికి చేరేసరికి పదకొండు దాటింది. రెండు వైపులా కోతకొచ్చిన శనగ చేలు. షెల్టర్‌లో సిమెంటు బల్ల మీద ఒక తువ్వాలు మడత, దాని మీద నెప్ట్యూన్, పక్కనే దాని అట్ట. బల్ల చివర గడ్డిమోపు దించుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

"ఆయప్ప ఇంతసేపూ ఈడే ఉన్నెడు. మీ ఆటో అల్లంత దూరాన కనబడినాక బస్సొస్తే ఎక్కినాడు" అంది. "సంచి శానా బరువుండాది, కండక్టరు గొణిగినాడు. ఈ గుండును ముట్టొద్దు, పిల్లోళ్ళు వస్తాండారు అని సెప్పిపోయినాడు."

జెస్సీ రోడ్డు వైపు చూసింది. సానియా మాత్రం ముందు రాయిని తీసుకుంది. అట్టలోంచి ఒకసారి దూర్చింది. తిప్పి ఇంకో పక్క నుంచి దూర్చింది. మరో పక్క నుంచి కూడా. అన్ని పక్కలా బిగువుగా, ఆగకుండా దూరింది.

"సరిగ్గా ఉంది టీచర్" అంది. తర్వాత తువ్వాలు దులిపి రాయిని అందులో చుట్టుకుంది. "నెప్ట్యూన్ తర్వాత ఏముంది?"

"ఇంకా చాలా ఉంది. ముందు నంద్యాల ఉంది" అంది జెస్సీ.

సానియా షెల్టర్ మెట్టు దిగి, ఒక కన్ను మూసి, రోడ్డు వెంట చూసింది. బస్సు అప్పటికి చిన్న చుక్క. చూస్తుండగానే అదీ పోయింది.